వాడిన పువ్వుకి రంగెందుకు?

కాకినాడలో శంకరం మాస్టారింట్లో భోజనాలయ్యాక జరిగిన వాదన ఇది. మాస్టారు డ్రాయింగ్ టీచరుగా రిటైరయ్యారు. కుర్రతనంలో హైదరాబాదు వెళ్లి ఎచింగ్ నేర్చుకుని, కొన్నేళ్లు సొంతంగా ప్రింట్లు తీశారు. మేనకోడలు భారతి వృక్షశాస్త్రం చదివి హాంబుర్గ్‌లో ఉద్యోగం చేస్తోంది. సెలవుకి వస్తూ హోర్స్ట్ యాన్సెన్ అనే జర్మన్ చిత్రకారుడి ఎచింగుల పుస్తకం ఒకటి మోసుకొచ్చింది. అందులో రంగుల్లో అచ్చయిన పూలబొమ్మల దగ్గర ఇద్దరికీ చెడింది. నేను విన్నవాణ్ణి. నాకు తోచిన ముక్కలు కుండలీకరణాల్లో పెట్టాను.

శంకరం: గీత గట్టిది, దాన్ని కాదనను. ఈ కాడ చూడు, ఎక్కడా చెయ్యి తడబడలేదు. కానీ రంగెందుకు పూశాడమ్మా? నల్ల ఇంకుతో వదిలేస్తే ఏం పోయేది?

భారతి: పూయలేదు మావయ్యా, అచ్చేశాడు. రెంటికీ తేడా ఉంది కదా.

శంకరం: ఆ తేడా నాకు చెబుతావా? రాగి రేకు మీద మైనం, తారు కలిసిన పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో పెట్టేవాళ్లం. గీత పడ్డచోటే రాగి బయటపడుతుంది, యాసిడ్ అక్కడే తింటుంది. నైట్రిక్ యాసిడ్ అయితే గీతల వెంట బుడగలు లేస్తాయి. వాటిని ఈకతో తోసెయ్యాలి, లేకపోతే గీత గరుగ్గా వస్తుంది. తర్వాత పూత కడిగేసి, రేకంతా ఇంకు రుద్ది, గంజి పెట్టిన పల్చటి గుడ్డతో తుడిచి, చివర్న అరిచేత్తో ఒక్కసారి తుడిచేవాళ్లం. పైనున్న ఇంకు పోతుంది, గాడిలో ఉన్నది మిగులుతుంది. తడిపిన కాయితం వేసి ప్రెస్సు తిప్పితే, కాయితం గాడిలోకి దిగి ఆ ఇంకుని లాక్కుంటుంది. ఇదంతా గీత కోసం పుట్టిన పని. రంగు కావాలంటే కుంచె ఉంది, కాన్వాసు ఉంది, ఈ అవస్థంతా దేనికి?

భారతి: గీత కోసం పుట్టిందని మీరంటున్నారు. అసలు పుట్టింది కవచాల మీద నగిషీ కోసం. 1500 ప్రాంతంలో ఆగ్స్‌బుర్గ్‌లో డానియెల్ హాప్ఫర్ అనే ఆయన, ఉక్కు కవచాల మీద యాసిడ్‌తో తీగలూ పూలూ తీసే పద్ధతినే ఇనపరేకు మీద పెట్టి కాయితానికి ఎక్కించాడు. అలంకారంలోంచి వచ్చిన కళ అలంకారాన్ని అసహ్యించుకుంటే ఎలా?

శంకరం: ఎక్కడ పుట్టిందన్నది కాదు, ఎక్కడికొచ్చి చేరిందో చూడు. వెంటనే డ్యూరర్ వచ్చాడు. 1515 నుంచి 1518 లోపు ఇనపరేకుల మీద ఆరు ఎచింగులు చేశాడు. అన్నీ నలుపే. అదే డ్యూరర్ 1503లో గడ్డి దుబ్బు వేసినప్పుడు మాత్రం నీటిరంగులు పట్టుకున్నాడు. ఏది దేనికో ఆయనకి తెలుసు. తర్వాత మీ జర్మన్లే దీన్ని సిద్ధాంతం కూడా చేశారు. మాక్స్ క్లింగర్ 1891లో చిత్రలేఖనం వేరు, గీతకళ వేరు అని చిన్న పుస్తకమే రాశాడు. కంటికి కనబడే లోకాన్ని రంగుల పొందికతో చూపించడం చిత్రకారుడి పని. లోపల మెదిలేది, చీకటిది, లోకం మీద కోపం ఉన్నది, అదంతా నలుపూ తెలుపుల సొత్తు అన్నాడు. ఆ మాటలు చదివే కేటే కోల్విట్స్ కుంచె పక్కన పెట్టి ఎచింగ్‌లోకి వచ్చింది. ఆవిడ నేతగాళ్ల తిరుగుబాటు బొమ్మల్లో ఎక్కడైనా ఎరుపు కావాలనిపించిందా నీకు?

భారతి: లేదు.

శంకరం: మరి?

భారతి: నేతగాళ్ల ఆకలికి రంగు అక్కర్లేదు. పువ్వు వాడటానికి కావాలి. ఇది చూడండి. (పుస్తకం ఆయన వైపు తిప్పి, భూతద్దం చేతికిచ్చింది.) ఈ రేకు అంచు చూడండి. లోపల ఎరుపు, మడత దగ్గరికొచ్చేసరికి ఊదా తిరిగింది, కొసన గోధుమరంగు. ఇంకు కారిపోయి కలిసిపోయిందనుకుంటాం గానీ ఆ మడత సరిగ్గా ఎక్కడ తిరగాలో అక్కడే తిరిగింది. ఎర్రటి పువ్వు వాడేటప్పుడు నిజంగా జరిగేది ఇదే. రేకులో ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. కణంలో ఆమ్లత్వం ఉన్నంతసేపూ ఎరుపు, అది తగ్గుతున్న కొద్దీ నీలం వైపు జరుగుతుంది. మన పెరట్లో మందారం సాయంత్రానికి ముడుచుకుని నీలం పట్టినట్టు ఉండదూ? నల్ల గీతతో మీరు ముడత చూపించగలరు. అది ఇందాక నలిగిన పువ్వా, మూణ్ణాలుగు రోజులుగా చస్తున్న పువ్వా అని చెప్పలేరు.

శంకరం: చెప్పలేమా? రెంబ్రాంట్ ముసలమ్మ చెంప చూసి ఆవిడ వయసు చెప్పలేవా నువ్వు?

భారతి: చెప్పగలను. ఎందుకంటే మనుషుల ముడతలు నాకు అలవాటు. పువ్వుల ముడతలు ఎవరూ అంత దగ్గరగా చూడరు.

(ఇక్కడ మాస్టారు కాసేపు మాట్లాడకుండా భూతద్దం అటూ ఇటూ జరిపారు. నేనూ చూశాను. రేకు వెనక వైపు సన్నటి గీతలు ఒకదాని మీద ఒకటి వలలా పడి ఉన్నాయి. రంగు ఆ వల కంతల్లోంచి కనిపిస్తుందే తప్ప వల మీదికి ఎక్కలేదు. ఇది భారతి అప్పటికి చెప్పలేదు గానీ, ఆవిడ వాదానికి అసలైన సాక్ష్యం నాకైతే ఇదే అనిపించింది.)

శంకరం: సరే, ఇది ఎన్ని ప్లేట్లతో, అంటే ఎన్ని లోహపు రేకులతో అచ్చేసింది?

భారతి: ఈ పుస్తకంలో రాయలేదు. రంగుకో ప్లేటు చొప్పున ఉండొచ్చు, లేదా ఒకే ప్లేటు మీద చిన్న గుడ్డముడితో రంగు రంగుగా అద్ది ఉండొచ్చు.

శంకరం: గుడ్డముడి అయితే అది ప్రింటరు పనితనం, చిత్రకారుడిది కాదు. ప్రతి కాపీకీ మళ్లీ అద్దాలి, మళ్లీ తుడవాలి. ఈ కాపీలో ఊదా అక్కడ తిరిగితే ఇంకో కాపీలో ఇంకోచోట తిరుగుతుంది. నువ్వు ఇందాక చెప్పిన ఆంథోసయనిన్ కథ, ఆ ప్రెస్సు దగ్గర నిలబడ్డవాడి బొటనవేలు మీద ఆధారపడి ఉంది తల్లీ.

భారతి: ఉండొచ్చు. యాన్సెన్ ప్లేట్లకి హార్ట్‌ముట్ ఫ్రీలింగ్‌హాస్ అనే ఆయన చాలా ఏళ్లు ప్రింట్లు తీశాడు. దాన్ని ఎవరూ దాచలేదు. జపాన్ చిత్రకారుడు హొకుసాయి బొమ్మలకి చెక్కినవాళ్లు వేరు, అచ్చేసినవాళ్లు వేరు. అందుకని అవి హొకుసాయివి కాకుండా పోయాయా? యాన్సెన్‌కి హొకుసాయి అంటే ప్రాణం. 1972లో ఎచింగుల సంపుటి ఒకటి తెచ్చి దానికి హొకుసాయి షికారు అనే పేరు పెట్టుకున్నాడు.

శంకరం: హొకుసాయివి చెక్క బ్లాకులు. రంగు చెక్క పైన నిలబడుతుంది, కాయితం మీద చదునుగా పడుతుంది. అక్కడ రంగుకి చోటుంది. ఇక్కడ ఇంకు గాడిలో ఉంటుంది. పైగా లోహానికి అన్ని రంగులూ పడవు. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు డబ్బుల్లేక జింకు రేకు మీద పసుపు వేశాను. తుడుస్తుంటేనే చచ్చిపోయింది. బంతిపువ్వు అనుకుంటే బూజు పట్టిన ఆకులా వచ్చింది. రాగి కొంచెం నయం, కానీ లేత రంగులు దాని మీదా మసకేస్తాయి. అందుకే సన్నగా ఇనుము పూత పూయించి మరీ వేస్తారు. లోహమే వద్దని మొత్తుకుంటుంటే వినకపోవడమేంటి?

భారతి: లోహం యాసిడ్‌ని కూడా వద్దనే అంటుంది.

(ఇద్దరూ నవ్వారు. మజ్జిగ వచ్చింది.)

శంకరం: పూలబొమ్మలకి రంగు వద్దని నేననను. మన పక్కనే సామర్లకోట. అక్కడ ఈస్టిండియా కంపెనీ వాళ్ల దగ్గర డాక్టరుగా ఉన్న రాక్స్‌బర్గ్ మన చిత్రకారుల చేత మన మొక్కల్నే వేయించాడు. లండన్‌లో 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలు, మూడొందల మొక్కలు. రాగిరేకుల మీద చెక్కి, కాయితం మీదికి వచ్చాక చేత్తో రంగులు వేశారు. ఆ రంగుకో పని ఉంది. ఏ మొక్కో గుర్తుపట్టాలి. మరియా సిబిల్లా మేరియన్ ఉంది, ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది, 1675 నుంచి న్యూరెంబర్గ్‌లో పూల పుస్తకాలు అచ్చేసింది. ఆవిడకీ పని ఉంది. ఆడపిల్లలు చూసి కుట్టుపనికి దించుకోవాలి. మీ యాన్సెన్ పువ్వుని చూసి ఎవడు ఏం కుట్టుకుంటాడు?

భారతి: ఎవరూ కుట్టుకోరు. అదే నేననేది. రాక్స్‌బర్గ్ పుస్తకంలో మొక్క ఎప్పుడూ దాని మంచి రోజులోనే ఉంటుంది. పువ్వు పూర్తిగా విచ్చుకుని, పక్కన కాయ, ఆ పక్కన కోసి చూపించిన గింజ. అన్నీ ఒకేసారి, తోటలో ఎక్కడా అలా ఉండదు. రంగు కూడా అలాగే, తడి ఆరని లేతరంగు. పరిశోధనకి అది కావాలి, నేనూ దాంట్లోనే చదువుకున్నాను. కానీ పువ్వు బతుకులో అదొక్క రోజు. మిగతా రోజుల్ని బొమ్మ వేసినవాళ్లు తక్కువ. మేరియన్ కొంత వేసింది, ఆకుని పురుగు తింటున్నప్పుడు ఆ కంతతో సహా వేసింది. యాన్సెన్ ఇంకా ముందుకెళ్లి, ఎండి వంగిపోయిన కాడలూ, రాలడానికి సిద్ధంగా ఉన్న రేకులూ తీసుకున్నాడు. అందరూ కూజాలోంచి తీసి పారేసే వేళకి ఈయన కూర్చుని గీయడం మొదలెట్టేవాడు.

శంకరం: అంటే చావు మీద మోజు. జర్మన్లకి అది ఎప్పుడూ ఉన్నదే.

భారతి: జర్మన్లందరినీ ఒక గాటన కట్టకండి. ఈయన 1929లో పుట్టాడు. తండ్రెవరో చూసెరగడు. ఓల్డెన్‌బుర్గ్‌లో బట్టలు కుట్టే తాతగారింట్లో పెరిగాడు. చిన్నతనంలోనే నాజీల ప్రత్యేక బడిలో, నాపోలా అంటారు, అక్కడ వేశారు. యుద్ధం అయిపోయే దాకా అక్కడే. మధ్యలో తల్లి పోయింది. అలాంటి బడిలో పెరిగిన కుర్రాడు, నిటారుగా నిలబడ్డ పువ్వుని వదిలేసి వంగిపోయిన పువ్వుని ఎందుకు చూశాడో నాకు తెలిసినట్టే అనిపిస్తుంది.

(ఇది నేను ఒప్పుకోలేకపోయాను. బతుకులోంచి బొమ్మలోకి ఇంత తిన్నగా దారి వెయ్యడం మనకి బాగా అలవాటైపోయింది. ఆ బడుల్లో చదివి నిటారు పువ్వులు వేసినవాళ్లూ ఉండి ఉంటారు. మాస్టారు మాత్రం ఇక్కడ పట్టుబట్టలేదు, ఆయనకి వేరే పట్టు దొరికింది.)

శంకరం: సరే, కష్టాలు పడ్డాడు. మరి ఆ కష్టాల్ని వెయ్యకుండా పూలేంటి?

భారతి: అవీ వేశాడు. తన మొహాన్నే వందలసార్లు వేసుకున్నాడు, ఒక్కదాంట్లోనూ జాలి లేదు. మృత్యునృత్యం పేరుతో ఎచింగులున్నాయి. పూలు అందులో ఒక పాయ. హాంబుర్గ్‌లో ఆల్ఫ్రెడ్ మాలౌ దగ్గర చదువుకున్నాడు. ఎచింగ్ మాత్రం 1957లో పాల్ వుండర్‌లిష్ దగ్గర నేర్చుకున్నాడు. పదకొండేళ్లు తిరిగేసరికి, 1968లో, వెనిస్ బియెన్నాలే కళాప్రదర్శనలో గ్రాఫిక్స్ బహుమతి వచ్చింది. 1990లో హాంబుర్గ్‌లోని బ్లాంకెనేజెలో ఇంటి బాల్కనీ కూలి యాసిడ్‌తో సహా కింద పడ్డాడు. కళ్లలో పడింది.

శంకరం: కళ్లలోనా?

భారతి: కొన్నాళ్లు సరిగా కనిపించలేదు. తర్వాత మళ్లీ గీశాడు. 1995లో పోయాడు.

శంకరం: (చాలాసేపటికి) మేం యాసిడ్ తొట్టి పక్కన ఎప్పుడూ బకెట్టు నీళ్లు పెట్టుకునేవాళ్లం. మా గురువుగారు ముందు నేర్పింది అదే. సూది ఎలా పట్టుకోవాలో తర్వాత.

భారతి: ఇంట్లో చేసుకునేవాళ్లకి చెప్పేవాళ్లుండరు.

శంకరం: ఉండరు. అయినా నా అభ్యంతరం అలాగే ఉందమ్మా. రంగు ఎచింగంటే గోడ కోసం. నలుపు ఎచింగుని చేతిలో పట్టుకుని చదువుతాం. పుస్తకం పట్టుకున్నంత దూరంలో. రంగు రాగానే కొన్నవాడు దాన్ని సోఫా మీద తగిలిస్తాడు, కర్టెన్ రంగుకి సరిపోయిందా లేదా చూస్తాడు. అందులోనూ పువ్వులు! డీలర్లకి అంతకంటే తేలిగ్గా అమ్ముడయ్యేది ఏదుంది? కింద పెన్సిల్ సంతకం, వందలో ముప్పయ్యోది అని నంబరు. పెళ్లికి ఇచ్చే బహుమతి.

(ఇందులో మాస్టారితో నేను ఏకీభవిస్తాను. యాభైల తర్వాత యూరప్‌లో రంగు ఎచింగుల్లో చాలా భాగం నిజంగానే హాలు గోడల కోసం తయారైంది. మంచివాటికీ వాటి నీడ తగిలింది.)

భారతి: కొన్నవాడి సోఫా నేరం బొమ్మ మీద వేస్తే ఎలా? గోడ మీద పెడితే ఇది బతకదు కూడా. మ్యూజియంల్లో ఇలాంటి కాయితాలకి యాభై లక్స్ మించి వెలుతురు పడనివ్వరు. కొన్ని నెలలు చూపించి మళ్లీ చీకట్లో పెట్టేస్తారు. ఓల్డెన్‌బుర్గ్‌లో ఆయన పేరు మీద 2000లో మ్యూజియం కట్టారు, అందులో గదులు ఎంత మసకగా ఉంటాయంటే కళ్లు అలవాటయ్యే దాకా ఏమీ కనిపించదు. మీరన్నట్టు, పుస్తకం అంత దూరానికి వెళితేనే రంగు తెలుస్తుంది.

శంకరం: మన కాకినాడ గాలికి అయితే మొదటి వానాకాలానికే మచ్చలొచ్చేస్తాయి. నా ప్రింట్లు చూశావుగా.

భారతి: మీరు వాటిని అట్టముక్కలకి అతికించారు మావయ్యా, పిండిజిగురుతో. అది గాలి తప్పు కాదు.

శంకరం: సరే సరే. లక్ష్మాగౌడ్ తెలుసా నీకు?

భారతి: తెలుసు.

శంకరం: మెదక్ జిల్లా నిజాంపురంలో పుట్టి, బరోడా వెళ్లి నేర్చుకొచ్చి, మన పల్లెటూళ్లని, మేకల్ని, మనుషుల ఒంటి వేడిని రాగిరేకు మీద గీశాడు. ఆ పాత నలుపు ఎచింగుల్లో చెట్టుకీ మనిషికీ ఒకటే చర్మం. అందులో ఆకుపచ్చ వేస్తే చెట్టు చెట్టైపోతుంది, మనిషి మనిషైపోతాడు. రెండూ విడిపోతాయి. నలుపు వాటిని కలిపి పట్టుకుంది. రంగు విడదీస్తుంది, పేర్లు పెడుతుంది. నా భయం అది. నీ యాన్సెన్ పువ్వులో కూడా, రంగు తీసేస్తే ఆ రేకు ముసలివాడి చెవిలా ఉంటుందేమో, గుడ్డపేలికలా ఉంటుందేమో. రంగు వేసి వాడు దాన్ని పువ్వుగానే ఉంచేశాడు. ఇంకోటి అయ్యే దారి మూసేశాడు.

(వాదన మొత్తంలో నాకు బాగా నచ్చిన మాట ఇది. భారతికి కూడా తగిలినట్టుంది, జవాబు తేలిగ్గా రాలేదు.)

భారతి: కొంతవరకు నిజం. కానీ రంగు ఎప్పుడూ పేరు పెట్టేదే అనుకోకండి. కృష్ణారెడ్డిగారిని తీసుకోండి. చిత్తూరు జిల్లా నందనూరు, 1925. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, పారిస్‌లో హేటర్ నడిపిన అతెలియే 17 అనే ప్రింట్ల స్టూడియోకి వెళ్లాడు. రంగుకో ప్లేటు అనే పద్ధతినే పక్కన పెట్టాడు. ఒకే ప్లేటుని శిల్పంలా రకరకాల లోతుల్లో చెక్కి, ఒక ఇంకులో నూనె ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ కలిపి, మెత్తటి రోలరు ఒకటి, గట్టి రోలరు ఒకటి దొర్లించాడు. గట్టి రోలరు మిట్టల్నే తాకుతుంది, మెత్తటిది పల్లాల్లోకి దిగుతుంది. నూనె ఎక్కువున్న ఇంకు మీద రెండో ఇంకు అంటుకోదు. ఒక్క తిప్పుతో రంగులన్నీ కాయితం మీదికి వస్తాయి. 1963 నాటి ఆయన సుడిగుండం చూస్తే ఏది నీళ్లో, ఏది వెలుతురో చెప్పలేం. అక్కడ రంగు ఏం విడదీసింది?

శంకరం: కృష్ణారెడ్డి జోలికి రాకు. ఆయన వేసింది రంగు కాదు, లోతు. ఎంత లోతు చెక్కాడో రంగు దాన్ని చెబుతుంది. రంగుకీ రేకుకీ మధ్య మూడోవాడు లేడు.

భారతి: అయితే రంగు ఎచింగుకి పడదన్న మాట వదిలేసినట్టేనా?

శంకరం: ఎవరన్నారు? రంగు లోహంలోంచి వస్తే పడుతుంది. బయటినుంచి తెచ్చి అద్దితే పడదు. కృష్ణారెడ్డిది లోపలిది. మీ వాడిది ఏదో నాకింకా తెలీదు.

భారతి: ఇందాకే చూశారు కదా, గీతల వల కింద రంగు ఎలా ఉందో. పైన అద్దింది అలా కనిపించదు.

శంకరం: ఆక్వాటింట్ అయ్యుండొచ్చు. రోజిన్ పొడి చల్లి, వేడి చేసి, మధ్యలో యాసిడ్ తినిపిస్తే సన్నటి చుక్కలుగా గుంటలు పడతాయి, అందులో రంగు నిలుస్తుంది. అలా అయితే నీ మాట కొంత ఒప్పుకుంటాను. కానీ ఇది ఆఫ్‌సెట్‌లో అచ్చేసిన పుస్తకం, తల్లీ. భూతద్దం పెడితే నాకు కనిపిస్తున్నది ఆక్వాటింట్ చుక్కా, ప్రింటింగ్ ప్రెస్ చుక్కా తెలియడం లేదు. దీన్ని చూసి నువ్వూ నేనూ ఇంతసేపు గొంతు చించుకున్నాం.

భారతి: అసలు ప్రింటు చూడాలంటే హాంబుర్గ్ కున్స్ట్‌హాలే మ్యూజియంలో గ్రాఫిక్స్ గది ఉంది. ముందుగా చెబితే పెట్టెలోంచి తీసి బల్ల మీద పెడతారు.

శంకరం: అయితే వెళ్లు. వెళ్లినప్పుడు రంగు కాపీ ఒక్కటే అడక్కు. అదే బొమ్మకి రంగు ప్లేట్లు వెయ్యకముందు, ఉత్త గీతల ప్లేటుతో నలుపులో తీసిన ప్రూఫ్ ఏదైనా ఉందేమో అడుగు. చాలామంది ఉంచుకుంటారు. రెండూ పక్కపక్కన పెట్టించి చూసి, నాకు ఫోన్ చెయ్యి. నలుపు ప్రూఫ్‌లో ఆ పువ్వు ఎన్నాళ్ల కిందట కోసిందో నీకు తెలిస్తే నేను గెలిచాను.

భారతి: తెలియకపోతే?

శంకరం: అప్పుడు ఎన్ని ప్లేట్లో లెక్కపెట్టి చెప్పు. ఏ రంగు ముందు వేశాడో కూడా చూడు. ఎరుపు మీద ఊదా వేశాడా, ఊదా మీద ఎరుపా అన్నది అంచు దగ్గర తెలుస్తుంది. ఒక రంగు పక్క రంగుని దాటి వెంట్రుకవాసి బయటికొస్తుంది చూడు, అక్కడ.